ఇష్టమైన ఆల్బమ్‌లను ఎల్పీ రికార్డుల మీద వినడం: జాబితా నుంచి ముల్లు మార్చేదాకా

రికార్డుల మీద మోజు పుట్టగానే చాలామంది ముందు ప్లేయర్ కొంటారు. తర్వాత కంటికి నచ్చిన రికార్డు కనపడినప్పుడల్లా తెచ్చుకుంటారు. కొన్నాళ్లకు అల్మరా నిండుతుంది, మళ్లీ మళ్లీ వినేవి మాత్రం ఐదారే ఉంటాయి. ఈ వరుస మార్చుకోమని నా సలహా. ముందు ఏ ఆల్బమ్‌లు కావాలో తేల్చుకోండి. తర్వాత వాటిని సరిగ్గా పలికించే ప్లేయర్, దాని అమరిక చూసుకోండి. పెద్ద కొనుగోళ్లు ఆ తర్వాతే. రికార్డు ఎంత అందమైన వస్తువైనా అది వినడానికి పుట్టింది. సరిగ్గా అమర్చిన మామూలు ప్లేయర్ మీద శుభ్రమైన పాతిక రికార్డులు ఇచ్చే ఆనందం, దుమ్ము పట్టిన ఐదువందల రికార్డులు ఇవ్వలేవు.

ముందు జాబితా

మొదటి పాట నుంచి చివరి పాటదాకా ఏదీ దాటెయ్యకుండా వినగలిగే ఆల్బమ్‌ల పేర్లు మాత్రమే రాయండి. ఒకటి రెండు పాటల కోసం ఇష్టపడేవాటిని ఇప్పటికి పక్కన పెట్టండి, వాటిని ఫోన్‌లో వినొచ్చు. పది పదిహేను పేర్లు వస్తే చాలు.

ఇలా వడకట్టడానికి కారణం ఉంది. 1948లో కొలంబియా కంపెనీ తెచ్చిన 12 అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా పలికేది. అంతకుముందున్న 78 చుట్ల లక్క రికార్డులో ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఎల్పీ వచ్చాక పాటలను రెండు భాగాలుగా, ఒక వరుసలో పేర్చడం కళాకారులకు అలవాటైంది. మొదటి వైపు దేనితో ముగియాలి, తిప్పాక ఏ పాటతో మొదలవ్వాలి అని ఆలోచించి కూర్చిన ఆల్బమ్‌లు రికార్డు మీద వింటేనే వాటి నడక తెలుస్తుంది.

జాబితాలో ప్రతి పేరు పక్కన ఆల్బమ్ నిడివి కూడా రాసుకోండి. ఇది తర్వాత పనికొస్తుంది. ఒక వైపు 25 నిమిషాలు దాటితే, ముల్లు నడిచే గాడిని సన్నగా, లోతు తక్కువగా చెక్కాలి. దాంతో పాట స్థాయి తగ్గి చిటపటలు పైకి తేలతాయి. సీడీల కాలంలో వచ్చిన 60, 70 నిమిషాల ఆల్బమ్‌లను ఒకే రికార్డులో కుక్కిన ముద్రణ కంటే రెండు రికార్డుల్లో విడదీసిన ముద్రణ మంచిది, మధ్యలో ఇంకో రెండుసార్లు లేవాల్సి వచ్చినా సరే.

ప్లేయర్ ఎంచుకోవడం

సూట్‌కేసు ఆకారంలో, లోపలే స్పీకర్లున్న ప్లేయర్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటిని వద్దనే చెబుతాను. కార్ట్రిడ్జ్ అంటే ముల్లును పట్టుకుని దాని కదలికను విద్యుత్తుగా మార్చే చిన్న భాగం. వాటిలో ఎక్కువగా సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, ముల్లు బరువు, అంటే ముల్లు రికార్డు మీద నొక్కే బరువు, మామూలు కార్ట్రిడ్జ్ కంటే రెండింతలో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ బరువును మార్చుకునే వీలుండదు. పైగా అదే పెట్టెలో ఉన్న స్పీకర్ల అదురు ముల్లుకు తగులుతుంది. ఇష్టపడి సేకరించే ఆల్బమ్‌లకు అది న్యాయం కాదు.

మూడు సంగతులు ఉన్న ఏ ప్లేయరైనా మొదలుపెట్టడానికి సరిపోతుంది: ముల్లును మోసే కడ్డీ, అంటే ప్లేయర్ చేతి వెనక, తిప్పి సర్దుకునే కౌంటర్‌వెయిట్ అనే బరువు, విప్పి మార్చుకోగల మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్, చెయ్యి మధ్యలోకి లాగబడకుండా ఆపే యాంటీ స్కేటింగ్ సర్దుబాటు. రికార్డు కూర్చునే పళ్లేన్ని మోటారు బెల్టుతో తిప్పేదా, నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవా అన్న చర్చలో పడి టెన్షన్ పెట్టుకోకండి. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్లు డీజేల చేతుల్లో పేరు తెచ్చుకున్నాయి, ఇంట్లోనూ నిక్షేపంగా పనిచేస్తాయి. బెల్టు ప్లేయర్‌లో మోటారు అదురు పళ్లేనికి తక్కువగా చేరుతుంది, కానీ బెల్టు కొన్నేళ్లకు సాగుతుంది, మార్చుకోవాలి. రెండిట్లోనూ మంచివి ఉన్నాయి.

వాడిన ప్లేయర్ కొంటుంటే పళ్లెం తిరుగుతూ పైకీ కిందికీ ఊగుతోందా చూడండి. చేతిని వేళ్లతో మెల్లగా అటూ ఇటూ కదిపితే ఎక్కడా పట్టేయకూడదు, కీలు దగ్గర లొడలొడలాడకూడదు. ముల్లు మాత్రం అరిగిపోయిందనే అనుకుని కొత్తదాని ఖర్చు ముందే లెక్కలో కలుపుకోండి. అమ్మేవాళ్లు ఏం చెప్పినా ఈ నియమం తప్పొద్దు, ఎందుకంటే అరిగిన వజ్రపు మొన ఒక్కసారి తిరిగినా మంచి రికార్డును పాడు చేయగలదు.

చాలామంది తడబడేది ఫోనో ప్రీయాంప్ దగ్గర. గాడి చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, పై శ్రుతులను పెంచి చెక్కుతారు. బేస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పై ఒక వైపు కొన్ని నిమిషాలే పడుతుంది. వినేటప్పుడు దాన్ని తిరగేసి అసలు రూపానికి తేవాలి. దీనికి 1954 నుంచి అమెరికా రికార్డు కంపెనీల సంఘమైన ఆర్‌ఐఏఏ ప్రమాణం ఉంది. ఆ పని ఫోనో ప్రీయాంప్‌ది. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు, సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టుల వరకు. ఈ తేడాను పూడ్చేదీ ప్రీయాంపే. రికార్డు పెడితే పాట ఎక్కడో దూరాన, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంటే మధ్యలో ఫోనో ప్రీయాంప్ లేదని అర్థం. అదే బరబరమంటూ పగిలిపోతుంటే ప్లేయర్‌లో ఒకటి, యాంప్లిఫయర్‌లో ఇంకొకటి రెండూ పనిచేస్తున్నాయేమో చూడండి. ప్లేయర్ వెనకుండే చిన్న స్విచ్‌తో ఒకదాన్ని ఆపేయొచ్చు.

కార్ట్రిడ్జ్‌లలో మూవింగ్ మాగ్నెట్ రకంతో, అంటే ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలేదానితో మొదలుపెట్టండి. ముల్లు ఒక్కదాన్నే లాగి, కొత్తది గుచ్చుకోవచ్చు. ఆడియో టెక్నికా వీఎం95 వరుసలో కార్ట్రిడ్జ్ ఒకటే, మొన ఆకారాలు వేరువేరు. మామూలు గుండ్రటి మొనతో మొదలుపెట్టి, తర్వాత ఎలిప్టికల్‌కో మైక్రోలైన్‌కో మారొచ్చు, మళ్లీ అమర్చే పని ఉండదు. డబ్బు పెంచుకునే వీలుంటే ప్లేయర్ మార్చే ముందు మొన మార్చండి. తేడా వెంటనే చెవికి తెలుస్తుంది.

అమర్చడం: ఇక్కడ తొందర వద్దు

ఎంత ఖరీదైన ప్లేయరైనా సరిగ్గా అమర్చకపోతే పాట పలకదు. ఒక మధ్యాహ్నం మొత్తం దీనికే కేటాయించండి.

ముందు ప్లేయర్‌ను బరువైన, ఊగని బల్ల మీద పెట్టండి. స్పీకర్లు అదే బల్ల మీద ఉండకూడదు, వాటి అదురు ముల్లులోకి చేరి తిరిగి స్పీకర్లలోకే వచ్చి గుయ్యిమంటుంది. పళ్లెం మీద రసమట్టం ఉంచి రెండు దిక్కులా చూడండి, అవసరమైతే కాళ్ల కింద పలచటి అట్టముక్క వేయండి.

తర్వాత ముల్లు బరువు. యాంటీ స్కేటింగ్‌ను సున్నాకి తిప్పి, ముల్లు తొడుగు తీసి, చెయ్యి ఎటూ ఒరగకుండా గాల్లో తేలేదాకా కౌంటర్‌వెయిట్ తిప్పండి. అలా నిలిచినప్పుడు బరువును కదపకుండా అంకెల చక్రాన్ని మాత్రం సున్నా దగ్గరకు తేండి. ఇప్పుడు రెండిటినీ కలిపి తిప్పుతూ కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకెకు తీసుకెళ్లండి. ఆడియో టెక్నికా వీఎం95ఈకి అది 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8. ముల్లు బరువు కొలిచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కుంటే చక్రం మీది అంకె ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. అది తప్పు. చెప్పిన దానికంటే తక్కువ బరువు పెడితే, పాట గట్టిగా ఉన్నచోట మొన గాడి గోడలను వదిలి ఎగిరి మళ్లీ పడుతుంది. ఆ దెబ్బలే గాడిని కొరుకుతాయి. తయారీదారు ఇచ్చిన పరిధిలో మధ్య అంకెకో, కాస్త పైకో పెట్టడమే రికార్డుకు మేలు.

యాంటీ స్కేటింగ్‌ను కూడా ముందు అదే అంకెకు పెట్టండి. తిరిగే రికార్డు చేతిని మధ్యలోకి లాగుతుంది, ఆ లాగుడును ఇది సరిచేస్తుంది. స్టీరియో గాడిలో లోపలి గోడ ఎడమ ఛానల్, బయటి గోడ కుడి ఛానల్. గట్టి చోట్ల కుడి స్పీకరే ముందు గరగరమంటుంటే యాంటీ స్కేటింగ్ కొంచెం పెంచండి, ఎడమదైతే తగ్గించండి.

ఇక కార్ట్రిడ్జ్ కోణం. రికార్డు అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో జారుతుంది. చివరి పాట దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంత తక్కువ పొడవులోనే అన్ని వివరాలూ పట్టాలి కాబట్టి అమరికలో చిన్న లోపమున్నా అక్కడే బయటపడుతుంది. కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల ప్రొట్రాక్టర్ కాగితం ముద్రించుకుని, దాని మీది కొలగీత సరిగ్గా ఉందో లేదో స్కేలుతో చూసుకుని, రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ అంచులు గీతలకు సమాంతరంగా వచ్చేదాకా సర్దండి. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తప్పుతుంది. ఓపిక పట్టండి, రెండూ కలిసే స్థానం ఉంటుంది. మరలు ఒకేసారి బిగించకుండా మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి, లేకపోతే చివరి నిమిషంలో కార్ట్రిడ్జ్ తిరిగిపోతుంది.

పరీక్షకు టెస్ట్ రికార్డే అక్కర్లేదు. గొంతు స్పష్టంగా వినిపించే ఆల్బమ్‌లో ఒక వైపు చివరి పాట పెట్టండి. స, శ, చ అక్షరాలు ఉమ్మినట్టు చీలిపోకుండా పలికితే అమరిక కుదిరింది. మొదటి పాటలో బాగుండి చివరి పాటలోనే చీలుతుంటే మళ్లీ ప్రొట్రాక్టర్ తీయాల్సిందే. మొదటి పాటలోనూ చీలుతుంటే ముల్లు బరువు, మొన మీది మురికి చూడండి.

వేగాన్ని, దీపం కింద తిరుగుతూ గీతలు నిలిచినట్టు కనిపించే స్ట్రోబ్ చక్రంతోనో ఫోన్ యాప్‌తోనో సరిచూడండి. హమ్మని ఒకటే రొద వస్తుంటే ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరును యాంప్లిఫయర్ వెనకున్న మరకు బిగించండి.

రికార్డు కొనేటప్పుడు

ఒకే ఆల్బమ్‌కు పదుల సంఖ్యలో ముద్రణలు ఉండొచ్చు, అవన్నీ ఒకేలా పలకవు. మూల టేపు నుంచి గాడి చెక్కిన ఇంజనీరు ఎవరు, ఏ టేపు వాడారు, ఏ ఫ్యాక్టరీలో అచ్చయింది అన్నవి పాటను మార్చేస్తాయి. దీని ఆనవాళ్లు రికార్డు మీదే ఉంటాయి. చివరి పాటకూ లేబుల్‌కూ మధ్య నున్నటి చోట దీపం కింద వంచి చూస్తే చెక్కిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. వాటిని మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. కొందరు ఇంజనీర్లు తమ పొడి అక్షరాలు కూడా చెక్కేవారు. బాబ్ లడ్‌విగ్ చెక్కిన వాటి మీద ఉండే ఆర్‌ఎల్ గుర్తు కోసం సేకర్తలు ఇప్పటికీ వెతుకుతారు. రికార్డుల వివరాలు పోగుచేసే, 2000లో మొదలైన డిస్కాగ్స్ సైట్‌లో ఈ అంకెలు కొడితే మీ చేతిలో ఉన్నది ఏ ముద్రణో తెలిసిపోతుంది.

మొదటి ముద్రణే గొప్పదన్న మాటను గుడ్డిగా నమ్మకండి. కొన్ని ఆల్బమ్‌లకు అది నిజం, ఎందుకంటే అప్పటికి టేపు తాజాగా ఉంది. కొన్నిటికి తర్వాత శ్రద్ధగా చేసిన ముద్రణే బాగుంటుంది. 180 గ్రాముల బరువు కూడా అంతే. మామూలు రికార్డు 120 నుంచి 140 గ్రాములుంటుంది. బరువైనది పళ్లెం మీద నిలకడగా కూర్చుంటుందేమో గానీ, గాడిలో ఉన్న సంగీతం బరువు వల్ల మెరుగవ్వదు. మీరు ప్రాణంగా ప్రేమించే రెండు మూడు ఆల్బమ్‌లకు మాత్రం ముద్రణల గురించి లోతుగా చదివి, ఆగి, వెతికి కొనండి. మిగతా వాటికి శుభ్రంగా ఉన్న ఏ మంచి కాపీ అయినా చాలు.

వాడిన రికార్డులకు గోల్డ్‌మైన్ పత్రిక వాడుకలోకి తెచ్చిన గ్రేడులు చెబుతారు: మింట్, నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, గుడ్, ఇలా కిందికి. ఇందులో గుడ్ అంటే మంచిది అనుకుంటే మోసపోతారు. ఆ గ్రేడు రికార్డు పాట పొడవునా గరగరమంటుంది. వినడానికి కొనేవాళ్లకు వీజీ ప్లస్ సరైన చోటు, ధరా అందుబాటులో ఉంటుంది, మోతా తక్కువ. వీజీ కూడా గట్టిగా సాగే సంగీతానికి పర్వాలేదు. మెల్లగా, నిశ్శబ్దాల మధ్య సాగే ఆల్బమ్‌కు వద్దు, ప్రతి చిటపటా వినిపిస్తుంది.

చేత్తో పట్టుకుని చూసే అవకాశముంటే ఒకే దీపం కింద పక్కకు వంచి చూడండి. కాగితం కవరు రాసుకున్న వెంట్రుకవాసి గీతలు చాలావరకు వినిపించవు. గోటిని తేలిగ్గా పోనిస్తే తగిలే గీత మాత్రం టిక్కుటిక్కుమంటుంది. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు బోలెడుంటే ఎన్నోసార్లు తిరిగిన రికార్డని అర్థం. నల్లగా మెరవాల్సిన గాడి బూడిద రంగులోకి తిరిగి ఉంటే అది అరుగుదల, ఎంత కడిగినా పోదు. చివరగా కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని వంకర చూడండి. ఎంత మెరిసినా, లోపలి రికార్డు వేరే ఆల్బమ్‌ది కాదని లేబుల్ చదివి నిర్ధారించుకోండి, ఇది అనుకున్నదానికంటే తరచుగా జరుగుతుంది.

దూరం నుంచి తెప్పించుకుంటే రెండు మాటలు ముందే అడగండి. గ్రేడు చూసి ఇచ్చారా, విని ఇచ్చారా? పంపేటప్పుడు రికార్డును అట్ట కవరులోంచి బయటికి తీసి, దాని వెనక పెట్టి పంపగలరా? లోపలే ఉంచి పంపితే దారిలో కుదుపులకు రికార్డు అంచు కవరు అతుకును చీల్చుకుని బయటికొస్తుంది.

కడగడం, దాచడం

వాడిన రికార్డును కడగకుండా ముల్లు కింద పెట్టకండి. కొత్తదానిలోనూ కాగితపు ధూళి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో వాసన, రంగు లేని పాత్రల సబ్బు ద్రవం ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తటి సన్నకుచ్చుల బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా తోమాలి, అడ్డంగా కాదు. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో రెండోసారి కడగండి. సబ్బు మిగిలితే అది ఎండి గాడిలోనే రొద అవుతుంది. లేబుల్ తడవకుండా చూసుకుని, నిలబెట్టి ఆరనివ్వండి. కుళాయి నీళ్లలోని లవణాలు ఆరాక గాడిలో మిగిలిపోతాయి, అందుకే డిస్టిల్డ్ అని పట్టుబడుతున్నాను. 78 చుట్ల లక్క రికార్డుకు ఆల్కహాల్ ఉన్న ద్రవం అసలు తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.

కడిగిన రికార్డును పాత కాగితం కవరులో మళ్లీ పెడితే చేసిన పనంతా వృథా. పాలిథీన్ పొర ఉన్న యాంటీ స్టాటిక్ లోకవరు వేయండి. పైకవరుకు పీవీసీ ప్లాస్టిక్ వద్దు, ఏళ్ల తరబడి తగిలి ఉంటే రికార్డు మీద పొగమంచు లాంటి మరక పడుతుంది.

నిటారుగా నిలబెట్టండి, ఒరగనివ్వకండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వంద ఎల్పీలు ఇరవై కిలోలు దాటుతాయి, కాబట్టి బలమైన పలకలున్న అల్మరా చూసుకోండి. ఎండ తగిలే కిటికీ, ఆపి ఉంచిన కారు రికార్డులకు శత్రువులు. మనిషికి హాయిగా ఉండే గది, అంటే 20 డిగ్రీల చుట్టుపక్కల వేడి, మధ్యస్థంగా తేమ, వాటికీ హాయే.

విందాం

రికార్డును అంచుల మీద అరచేతులతో, లేబుల్ దగ్గర వేళ్లతో పట్టుకోండి, గాడిని తాకొద్దు. తిరుగుతుండగా కార్బన్ ఫైబర్ బ్రష్‌ను ఒకటి రెండు చుట్లు తేలిగ్గా ఆనించి దుమ్మును అంచుదాకా లాగేయండి. మొనను చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి, పక్కలకు కాదు. శబ్దం తగ్గించి, మీట వాడి ముల్లును దించి, అప్పుడు పెంచండి.

రెండు స్పీకర్లూ మీరూ సమభుజ త్రిభుజంలా ఉండేలా కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. పాత మోనో రికార్డులకు యాంప్లిఫయర్‌లో మోనో స్విచ్ ఉంటే నొక్కండి, గాడి రొదలో కొంత భాగం అక్కడికక్కడే పోతుంది.

ఇక ఒక వైపు మొత్తం వినండి. ఫోన్ పక్క గదిలో పెట్టి, కవరు చేతిలోకి తీసుకుని, ఎవరు ఏ వాద్యం వాయించారో చదువుతూ వినండి. అప్పటిదాకా పాట వెనక ఉండిపోయిన బేస్ వాద్యకారుడు ఒక మనిషిగా కనపడతాడు. కొత్త ఆల్బమ్ తెచ్చిన వారంలో ఇంకో రికార్డు కొనకుండా దాన్నే రెండు మూడుసార్లు వినడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి అలవాటు. మొదటిసారి చప్పగా అనిపించిన రెండో వైపు తర్వాత అన్నిటికంటే దగ్గరైన సందర్భాలు ప్రతి శ్రోతకూ ఉంటాయి.

ముల్లు లెక్క

వజ్రపు మొన ఆకారాన్ని బట్టి 500 నుంచి 1000 గంటల దాకా పనిచేస్తుంది. రోజుకు రెండు వైపులు వింటే ఏడాదికి 250 గంటల దగ్గర పడుతుంది. పెట్టిన తేదీని చిన్న చీటీ మీద రాసి ప్లేయర్ కింద అంటించండి. గంటలు పూర్తికాకముందే స, శ అక్షరాలు అన్ని రికార్డుల్లోనూ చీలడం మొదలైతే, మొన శుభ్రం చేసినా మారకపోతే, ఆగకుండా మార్చేయండి. కొత్తది పెట్టాక ముల్లు బరువు కాటా మీద మళ్లీ చూడాలి.

ప్లేయర్‌ను ఇంకో ఇంటికి మార్చేటప్పుడు ముల్లుకు తొడుగు వేసి, చేతిని కట్టి, కౌంటర్‌వెయిట్, పళ్లెం విప్పి విడివిడిగా చుట్టండి. కొత్త చోట పెట్టాక రసమట్టం దగ్గర నుంచి అమరిక మొత్తం మళ్లీ చేయండి.